మండల స్థాయిలో సామాజిక న్యాయ సంస్థ: ఇంటింటి జాబితా నుంచి ఏటా ఆడిట్ దాకా ఏ పని తర్వాత ఏ పని

"సొసైటీ రిజిస్ట్రేషన్‌కు ఏమేం కాగితాలు కావాలి?" దేవరకొండ, అచ్చంపేట, నారాయణపేట వైపు నుంచి అడిగేవాళ్లు ఎక్కువగా ఈ ప్రశ్నతోనే మొదలుపెడతారు. దానికి జవాబు ఇందులో ఉంది కానీ ఐదో మెట్టులో ఉంది. కావాలనే అక్కడ పెట్టాను.

సర్టిఫికెట్ ముందు తెచ్చుకుని, ఆ తర్వాత పని కోసం వెతుక్కున్న సంస్థలు మన దక్షిణ తెలంగాణలో తక్కువేమీ లేవు. లెటర్‌హెడ్ ఉంటుంది, రబ్బరు స్టాంపు ఉంటుంది, అంబేడ్కర్ జయంతికి ఫ్లెక్సీ ఉంటుంది. ఎస్సీ వాడలో ఎవరి పెన్షన్ ఎన్ని నెలలుగా ఆగిందంటే మాత్రం చెప్పేవాళ్లుండరు. ముందు జాబితా, తర్వాత పని, ఆ తర్వాతే రిజిస్ట్రేషన్. ఈ వరుస తిరగేస్తే తర్వాత సరిచేసుకోవడం చాలా కష్టం.

మండలంలో నాలుగైదు ఊళ్లలో, పది పన్నెండు మందితో, పెద్దగా డబ్బు లేకుండా మొదలుపెట్టేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

1. ఊళ్లు, సమస్య ఎంచుకోండి

"సమాజంలోని అణగారిన వర్గాలన్నింటి అభ్యున్నతి" అని రాసుకుంటే ఒక్క ఊళ్లో కూడా పని మొదలవదు. మీ మండలంలో ఏ సమస్య బరువుగా ఉందో దానితో మొదలుపెట్టండి.

ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల్లో సమస్యలన్నీ ఒక్కలా ఉండవు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఫ్లోరైడ్‌తో నడుము వంగిపోయినవాళ్లు ఉన్నారు. నీళ్లు మారినా వాళ్ల ఎముకలు మారవు. దేవరకొండ, చందంపేట తండాల నుంచి మిరప కోతలకు కుటుంబాలు కదిలిపోతాయి. కోస్గి, మద్దూరు, దామరగిద్ద వైపు ముంబై, పుణె వలసలు. గద్వాల వైపు విత్తన పత్తి చేలల్లో క్రాసింగ్ (పూలకు చేత్తో పరాగం అద్దే పని) సీజన్ వస్తే బడిలో హాజరు పడిపోతుంది. అమ్రాబాద్ నల్లమలలో చెంచు పెంటలది (చెంచుల చిన్న ఊళ్లు) అడవి హక్కుల గొడవ. మక్తల్, నారాయణపేట ప్రాంతంలో జోగిని వ్యవస్థ వదిలి వెళ్లిన గాయాలు ఇంకా మానలేదు.

ఒక సమస్య, ఎక్కువలో ఎక్కువ ఐదు ఊళ్లు. వాటిలో కనీసం రెండు మీ సొంత ఊరు కాకుండా చూసుకోండి. సొంత ఊళ్లో చుట్టరికాలు, ఎలక్షన్ పగలు రెండూ అడ్డమొస్తాయి.

ఊరు ఖాయం చేసే ముందు:

- ఆ ఊళ్లో వాడలు, తండాలు, దూరంగా ఉన్న గుడిసెలు ఎక్కడెక్కడ ఉన్నాయో చేత్తో గీసిన పటం ఉందా?
- 2018లో కొత్త పంచాయతీ అయిన తండానా, పాత పంచాయతీలోనే ఉందా? పంచాయతీ కార్యదర్శి ఎవరో దాన్నిబట్టి తెలుస్తుంది.
- అక్కడ ఇప్పటికే పనిచేస్తున్న దళిత సంఘం, గిరిజన సంఘం, మహిళా గ్రామ సంఘం ఉన్నాయా? ఉంటే ముందు వాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చోండి. చెప్పకుండా దిగితే మొదటి నెలలోనే తగాదా.

2. ఇంటింటి జాబితా రాయండి

మొత్తం పనిలో ఎక్కువ ఓపిక కావాల్సింది ఇక్కడే.

ఫోన్ యాప్‌లూ ఫారాలూ వద్దు. ఊరికొక లాంగ్ నోట్‌బుక్ చాలు. ఎడమ పేజీలో ఇంటి వివరాలు రాయండి, కుడి పేజీ ఖాళీగా వదిలేయండి. తర్వాత ఆ ఇంటి కోసం చేసే ప్రతి పనీ తేదీ వేసి కుడి పేజీలోకి ఎక్కుతుంది. ఏడాది తిరిగేసరికి మీ సంస్థ చేసిందేమిటో కుడి పేజీలే చెబుతాయి, వేరే రిపోర్టు అక్కర్లేదు.

ఎడమ పేజీలో ఒక నమూనా ఇలా ఉంటుంది: "ఇల్లు 14. ఒంటరి మహిళ, 52 ఏళ్లు. రేషన్ కార్డు తల్లిగారింటి ఊళ్లో ఉంది. పెన్షన్ లేదు, ఒకసారి పెట్టుకుంది, రసీదు లేదు. కొడుకు 19, చెవుడు, పరీక్ష చేయించలేదు. ఉపాధి కార్డు అత్త పేరు మీద. భూమి 20 గుంటలు, పాస్‌బుక్ రాలేదు." ఈ నాలుగు వరుసల్లోనే ఐదారు పనులున్నాయి. పేరు ఇక్కడ రాయకండి. ఇంటి నెంబర్లకు పేర్లు వేరే చిన్న పుస్తకంలో ఉంచండి, అది ఒక్కరి దగ్గరే ఉండాలి.

ఎలా అడగాలో చాలామందికి తెలీదు. "మీకు ఏం సమస్యలున్నయ్?" అంటే "అన్నీ ఉన్నయ్ సార్, ఏం చేస్తరు" అనే జవాబే వస్తుంది. "పోయిన నెల పెన్షన్ ఏ తారీఖున వచ్చింది?" "బియ్యం ఎన్ని కిలోలిచ్చిండ్రు?" "పిల్ల బడికి పోయి ఎన్ని దినాలైంది?" అని అడగండి. తేదీ, కిలో, రోజు ఉన్న ప్రశ్నకు నిఖార్సైన జవాబు వస్తుంది.

పొద్దున పదికి వెళ్తే తాళాలే కనిపిస్తాయి. సాయంత్రం ఆరున్నర తర్వాత వెళ్లండి. వలస ఊళ్లలో అయితే దసరాకో, పీర్ల పండుగకో, ఉగాదికో, కురుమూర్తి జాతర రోజుల్లోనో వెళ్తే పోయినవాళ్లు కూడా దొరుకుతారు. తండాల్లో తీజ్, హోలీ రోజుల ముందు వెనకలు మంచి సమయం. పండుగ నాడే నోట్‌బుక్ పట్టుకుని గుమ్మంలో నిలబడకండి, అది వేరే సంగతి.

తప్పక రాయాల్సినవి:

- పెన్షన్, రేషన్, ఉపాధి కార్డు, కుల ధ్రువీకరణ పత్రం: ఉన్నాయా, లేవా, దరఖాస్తు ఎప్పుడు పెట్టారు
- బడి మానేసిన పిల్లలు, ఏ తరగతిలో మానేశారు
- వికలాంగులు, వైకల్య ధ్రువపత్రం (సదరం సర్టిఫికెట్ లేదా యూడీఐడీ కార్డు) ఉందా
- గుంపు మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు, అది తీరేదాకా పనికి కట్టుబడి ఉన్నారా
- భూమి: పట్టా, అసైన్డ్ (ప్రభుత్వం పంచిన భూమి), అడవి భూమి

తీసుకోకూడనివి: ఆధార్ జీరాక్సు, బ్యాంకు ఖాతా నెంబరు, ఓటీపీ. అర్జీ పెట్టే రోజున వాళ్లే తెచ్చుకుంటారు. జీరాక్సులు మీ దగ్గర పోగుపడితే ఏదో ఒకరోజు ఎవరి చేతికో వెళ్తాయి, నింద మాత్రం మీ మీదికొస్తుంది. జోగినిగా బతికిన మహిళలకు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు జాబితాలో గడి పెట్టనే పెట్టకండి. వాళ్లే వచ్చి చెబితే సాయం చేయండి, కాగితం మీద ముద్ర వేయకండి.

3. వివక్షను కళ్లతో చూసి రాయండి

"మీ ఊళ్లో అంటరానితనం ఉందా?" అని రచ్చబండ దగ్గర అడిగితే "ఆ రోజులు పోయినయ్" అంటారు. ఎదురుగా నాలుగు కులాలవాళ్లూ కూర్చున్నప్పుడు ఇంకేమంటారు. కాబట్టి ఈ జాబితా ప్రశ్నలతో కాదు, కళ్లతో నిండాలి.

- హోటల్లో గ్లాసులు ఒకటేనా? ఇప్పుడు పేపర్ గ్లాసులు వచ్చి ఈ తేడా కనపడకుండా పోయింది. ఎవరికి స్టీలు గ్లాసు, ఎవరికి పేపర్ గ్లాసు అన్నది చూడండి.
- క్షౌరం ఎక్కడ చేయించుకుంటున్నారు? ఊళ్లోనా, పక్క టౌన్‌కు పోయా?
- గుళ్లోకి ఎంతదాకా పోనిస్తున్నారు? బోనాల ఊరేగింపు ఎస్సీ వాడలోకి వస్తుందా?
- బడిలో మధ్యాహ్న భోజనం వండేది ఎవరు? వాళ్లను మార్చమని ఎవరైనా అడిగారా?
- అంగన్‌వాడీ ఏ వాడలో ఉంది? అవతలి వాడ పిల్లలు వస్తున్నారా?
- శ్మశానానికి దారి ఉందా, ఎవరి చేనులోంచి పోవాలి?

చూసినది తేదీతో రాసుకోండి. అప్పుడే గొడవకు దిగకండి, ఫోటోలు తీసి స్టేటస్ పెట్టకండి. ఆ ఊళ్లో ఉండేవాళ్లు రేపు కూడా అక్కడే ఉండాలి. ఎప్పుడు, ఎలా తేల్చుకోవాలో వాళ్లే చెప్పాలి. ప్రతి నెలా చివర్లో రెవెన్యూ, పోలీసు అధికారులు ఏదో ఒక ఊళ్లో పౌర హక్కుల దినం జరుపుతారు. మీ ఊరి వంతు వచ్చేలా తహసీల్దార్‌కు అర్జీ ఇవ్వండి. అధికారులు కూర్చున్న చోట మాట్లాడటం వేరు, ఒంటరిగా హోటల్ ముందు మాట్లాడటం వేరు.

4. కమిటీలో ఎవరు కూర్చుంటారు

చట్టం ప్రకారం సొసైటీకి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. స్నేహితులు ముగ్గురు, బావమరిది, ఒక రిటైర్డ్ టీచరు, సంతకం కోసం ఇద్దరు మహిళలు. ఇలాంటి ఏడుగురితో పెట్టుకుంటే అది ఇంటి సొసైటీ అవుతుంది.

నా లెక్కలో, ఏడుగురిలో కనీసం నలుగురు మీ జాబితాలోని ఇళ్ల నుంచే రావాలి. వాళ్లలో ఇద్దరికైనా సంతకం పెట్టే పదవి ఉండాలి: అధ్యక్షుడో, కార్యదర్శో, కోశాధికారో. చదువు రాదనే అభ్యంతరం తప్పకుండా వస్తుంది. మినిట్స్ (మీటింగ్‌లో రాసుకున్నది) చదివి వినిపించి, వేలిముద్ర వేయించి, పక్కన సాక్షి సంతకం తీసుకుంటే చాలు. ఒకే కులం నుంచి నలుగురు మించకుండా చూసుకోండి. మాల, మాదిగ, లంబాడా, చెంచు, బుడగ జంగం, ముస్లిం అని ఊళ్లో ఉన్నవాళ్లంతా కమిటీలో లేకపోయినా పిలిస్తే వచ్చేంత దగ్గరగా ఉండాలి. వికలాంగుల నుంచి ఒకరు తప్పనిసరి.

ఒకే ఇంటి నుంచి ఇద్దరు ఉండొద్దు. రాజకీయ పార్టీ మండల పదవిలో ఉన్నవాళ్లు సభ్యులుగా ఉండొచ్చు, కార్యవర్గంలో వద్దు. సర్పంచ్ ఎన్నికల ముందు ఈ నియమం ఎంత పనికొస్తుందో మీకే తెలుస్తుంది.

5. బైలాస్ (సంస్థ నియమావళి), రిజిస్ట్రేషన్

ఆర్నెల్లు సంఘంగా పనిచేశాక ఇక్కడికి రండి. తెలంగాణ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు అవుతుంది. 2016లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి కొత్త జిల్లా పేరు చూసి ఆఫీసును ఊహించుకోవద్దు. మీ మండలం ఏ రిజిస్ట్రార్ పరిధిలోకి వస్తుందో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగితే చెబుతారు.

సిద్ధం చేసుకోవాల్సినవి:

- సంస్థ పేరు, రెండు ప్రత్యామ్నాయాలతో. ఉన్న సంస్థ పేరుకు దగ్గరగా ఉంటే తిప్పి పంపుతారు.
- మెమోరాండం: ఉద్దేశాలు, కార్యవర్గం పేర్లు, వృత్తి, చిరునామా
- బైలాస్
- సభ్యుల గుర్తింపు, చిరునామా ఆధారాలు, ఫోటోలు
- ఆఫీసు చిరునామాకు కరెంటు బిల్లు, ఇంటి యజమాని అంగీకార పత్రం
- ఫీజు

జీరాక్సు సెంటర్‌లో దొరికే రెడీమేడ్ బైలాస్ కొని పేరు మార్చుకునేవాళ్లే ఎక్కువ. అలా చేస్తే మొదటి తగాదాలోనే ఇరుక్కుంటారు. కనీసం ఇవి మీరే కూర్చుని రాసుకోండి: సభ్యుడిని ఎలా చేర్చుకోవాలి, ఎలా తొలగించాలి, తొలగించే ముందు నోటీసు ఎన్ని రోజులు, కోరం (మీటింగ్‌కు కనీస హాజరు) ఎంత, పదవీకాలం ఎన్నేళ్లు, ఒకరు వరుసగా ఎన్నిసార్లు, బ్యాంకులో ఎవరి సంతకాలు, సంస్థ మూతపడితే ఆస్తి సభ్యులకు పంచకుండా ఇలాంటి ఉద్దేశాలున్న మరో సంస్థకు పోవాలన్న నిబంధన. ఈ చివరిది లేకపోతే తర్వాత ఆదాయపు పన్ను మినహాయింపు దగ్గర ఆగిపోతారు.

ఉద్దేశాల్లో వృద్ధాశ్రమం, ఇంజనీరింగ్ కాలేజీ, గోశాల కూడా "ఉంటే మంచిది కదా" అని చేర్చకండి. మీరు చేసేవి ఆరేడు చాలు.

6. ఖాతా, లెక్కలు

సర్టిఫికెట్ రాగానే సొసైటీ పేరు మీద పాన్, ఆ తర్వాత బ్యాంకు ఖాతా. బ్యాంకుకు ఖాతా తెరవాలన్న తీర్మానం, బైలాస్, రిజిస్ట్రేషన్ కాపీ, సంతకందారుల వివరాలు కావాలి. ముగ్గురిలో ఏ ఇద్దరి సంతకమైనా అన్నట్టు పెట్టుకోండి. ఒకరు వలస పోయినా, అలిగినా పని ఆగదు.

మూడు పుస్తకాలు చాలు: క్యాష్ బుక్, రసీదు పుస్తకం, ఓచర్ (ఖర్చు చీటీల) ఫైలు. చందా పది రూపాయలైనా రసీదు. ఆటో చార్జీకి బిల్లు రాదు కాబట్టి ఓచర్ మీద ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎందుకు అని రాసి ప్రయాణించినవాళ్ల సంతకం. మీ సొంత ఫోన్‌పే నెంబరు మీద సంస్థ చందా తీసుకోకండి, ఒక్కసారి కూడా. నెలకొకసారి లెక్క ఊళ్లో చదివి వినిపించండి. వినేవాళ్లు నలుగురే అయినా పర్వాలేదు.

7. అర్జీలు: రోజువారీ పని

ఏ అర్జీ అయినా ఒకే వరుస: రాయడం, రెండు కాపీలు, ఇన్‌వార్డ్ నెంబరు (ఆఫీసుకు అందిన కాగితానికి వేసేది), తేదీ, ఆఫీసు స్టాంపు. స్టాంపు లేని కాగితం ఇచ్చినట్టు కాదు. "ఇచ్చిపోండి, చూస్తం" అంటే మర్యాదగానే "ఇన్‌వార్డ్ నెంబరు వేయించండి సార్" అని అక్కడే నిలబడండి.

సమస్యనుబట్టి మెట్లు:

- ఊళ్లో తేలేది: పంచాయతీ కార్యదర్శి, గ్రామ సభ.
- మండలంలో: పెన్షన్, ఉపాధి పనికి ఎంపీడీవో ఆఫీసు, కుల, ఆదాయ పత్రాలు మీసేవ ద్వారా తహసీల్దార్‌కు. కొన్ని కులాలకు తహసీల్దార్ కాకుండా ఆర్డీవో ఇవ్వాల్సి ఉంటుంది, బుడగ జంగం కుటుంబాలు ఇక్కడే తిప్పలు పడతాయి. ముందే తెలుసుకుని వెళ్తే రెండు నెలలు మిగులుతాయి.
- జిల్లాలో: సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి. అర్జీదారు స్వయంగా రావాలి, మీరు పక్కన ఉండండి. ఇరవై అర్జీలు ఒక్కరే మోసుకెళ్తే వాటికి ఇరవై మంది బరువు ఉండదు.
- జవాబు రాకపోతే: సమాచార హక్కు చట్టం, 2005 కింద "నా ఫలానా తేదీ, ఫలానా నెంబరు అర్జీ మీద ఏం చర్య తీసుకున్నారు" అని ఒకే ప్రశ్న. మన దగ్గర గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు అసలు లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు.

వికలాంగుల విషయంలో ఒక మాట. 2016 నాటి చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. మన ఊళ్లలో ఇంకా కాలు, చేయి, కన్ను దగ్గరే ఆగిపోతారు. మానసిక అనారోగ్యం, తలసేమియా, నేర్చుకోవడంలో ఇబ్బంది కూడా జాబితాలో రాయండి. వైకల్య నిర్ధారణ క్యాంపుకు (సదరం అనే పిలుస్తారు) స్లాట్ దొరికాక వాహనం, తోడు, మధ్యాహ్నం తిండి ముందే చూసుకోండి. ఫ్లోరోసిస్‌తో వంగిపోయిన మనిషి మూడు గంటలు లైన్లో నిలబడలేడు. క్యాంపు ఇన్‌చార్జికి ముందు రోజే చెబితే చాలాసార్లు ముందుగా పిలుస్తారు. పాత ఆసుపత్రి చీటీలు, ఎక్స్‌రేలు అన్నీ ఒక సంచిలో వేసుకెళ్లండి.

అడవి భూమి దరఖాస్తు తిరస్కరిస్తే రాతపూర్వకంగా కారణం అడగండి. గ్రామ సభ నిర్ణయం మీద 60 రోజుల్లో డివిజన్ స్థాయి కమిటీకి వెళ్లొచ్చు. నోటిమాటగా "రిజెక్ట్ అయింది" అంటే అది తిరస్కరణ కింద లెక్క కాదు.

అడ్వాన్సు తీరక పని వదిలి రానివ్వని కేసు అయితే పోలీసులతో పాటు ఆర్డీవోకు, కలెక్టర్‌కు వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం, 1976 పేరు రాసి అర్జీ ఇవ్వండి. విముక్తి పత్రం చేతికి రాకుండా మనుషుల్ని ఇంటికి తెచ్చేస్తే పునరావాసం ఆగిపోతుంది. తొందరలో అందరూ మరిచిపోయేది ఆ పత్రమే.

8. దాడి, అవమానం జరిగిన రోజు

ఫోన్ రాత్రి పూటే వస్తుంది. ఆ టెన్షన్‌లో వరుస తప్పుతుంది కాబట్టి దీన్ని ప్రింట్ తీసి గోడకు అంటించుకోండి.

1. మనిషి ప్రాణం. దెబ్బలుంటే ముందు ప్రభుత్వ ఆసుపత్రి. మెడికో లీగల్ కేసుగా రాయమని అడగండి. బట్టలు ఉతకొద్దు, పారేయొద్దు.
2. జరిగింది బాధితుల మాటల్లోనే రాయండి. తిట్టులో వాడిన కులం పేరు, ఏ మాట అన్నారో ఆ మాట, ఎక్కడ, ఎంత టైముకు, ఎవరు చూశారు. "కులం పేరుతో దూషించారు" అని ఒక్క ముక్కలో రాస్తే కేసు బలహీనపడుతుంది. నలుగురిలో జరిగిందా అన్నది కూడా రాయాలి.
3. పోలీస్ స్టేషన్. మా పరిధి కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989 పేరు ఫిర్యాదులోనే ఉండాలి. 2018 సవరణ తర్వాత ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. "విచారించి కడతాం" అంటే ఈ సంగతి గుర్తుచేయండి.
4. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం, అడిగి తీసుకోండి. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే దాన్ని ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి.
5. బాధితుల కుల ధ్రువీకరణ పత్రం రెండు రోజుల్లో సిద్ధం చేయండి. కేసు ఎక్కువగా ఆలస్యమయ్యేది దీని దగ్గరే.
6. దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయి అధికారి, గడువు 60 రోజులు. నోట్‌బుక్ కుడి పేజీలో 60వ రోజు తేదీ ఇప్పుడే రాసిపెట్టండి.
7. పరిహారం నేరాన్నిబట్టి ఉంటుంది. 2016 నిబంధనల్లో 85,000 నుంచి 8,25,000 రూపాయల దాకా పెట్టారు. ఇది విడతలుగా వస్తుంది, శిక్ష పడేదాకా ఆగక్కర్లేదు. జిల్లా ఎస్సీ అభివృద్ధి శాఖ లేదా గిరిజన సంక్షేమ శాఖను అడగండి.
8. ఉచిత న్యాయ సహాయం 15100. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, పిల్లలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేదు. ఎస్సీ, ఎస్టీలపై దాడులు, వేధింపుల (అట్రాసిటీ) ఫిర్యాదుకు హెల్ప్‌లైన్ 14566. పిల్లలకు 1098.

తర్వాతి వారం రాజీ మాటలు మొదలవుతాయి. ఊరి పెద్దలు, కొన్నిసార్లు మీ కమిటీ సభ్యుల బంధువులే వస్తారు. కౌలు భూమి తీసేస్తామంటారు, మీ పాలు పోయించుకోం అంటారు, కూలికి పిలవరు. కాబట్టి ఎఫ్‌ఐఆర్‌తో పాటే ఆ కుటుంబానికి నెల రోజుల బియ్యం, పిల్లల బడి, కూలి ఎలా అన్నది ఆలోచించాలి. సాంఘిక బహిష్కరణ కూడా ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమే. దాన్ని రెండో ఫిర్యాదుగా ఇవ్వండి. రాజీ పడాలా వద్దా అన్నది ఆ కుటుంబమే చెప్పాలి. మీ పరువు కోసం వాళ్లను కోర్టు మెట్ల మీద నిలబెట్టకండి.

బాధితుల ముఖం, పిల్లల పేరు వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఎంత మంచి ఉద్దేశంతో చేసినా నష్టమే. లైంగిక దాడి అయితే గుర్తింపు బయటపెట్టడమే నేరం.

9. అందరూ కూర్చోగలిగే మీటింగ్

మీటింగ్ ఎక్కడ పెట్టారన్నదే ఎవరు వస్తారో నిర్ణయిస్తుంది. గుడి మండపంలో పెడితే కొందరు, చర్చి దగ్గర పెడితే కొందరు, పెద్దమనిషి వాకిట్లో పెడితే ఇంకొందరు రారు. బడి ఆవరణ, పంచాయతీ ఆఫీసు ముందు, అంగన్‌వాడీ నయం. మెట్లు లేని చోటు చూడండి.

- అందరూ నేల మీద, లేదా అందరూ కుర్చీల్లో. వచ్చిన నాయకుడికి కుర్చీ, మిగతావాళ్లకు చాప వద్దు. నడుము వంగనివాళ్లకు మాత్రం కుర్చీ.
- నీళ్లు, టీ ఒకే గ్లాసుల్లో, ఒకే చోటి నుంచి. వంట ఎస్సీ వాడలోనే చేయించండి. ఎవరు తిన్నారో, ఎవరికి "కడుపు బాగా లేదో" గమనించండి.
- తండాల్లో లంబాడీలో మాట్లాడేవాళ్లు ఒకరు ఉండాలి. ముసలమ్మలు తెలుగులో అడిగితే తలూపుతారు, వాళ్ల భాషలో అడిగితే మీటింగ్ సగం వాళ్లే నడుపుతారు.
- ఆడవాళ్లను మొదట మాట్లాడనివ్వండి. చివర్లో అవకాశమిస్తే బస్సు టైమవుతుంది.
- తీర్మానం అక్కడే రాసి, చదివి, సంతకాలు.

10. డబ్బు ఎక్కడి నుంచి

మొదటి ఏడాది ప్రాజెక్టుల జోలికి పోకండి. సభ్యత్వ రుసుము, ఊరి చందాలు, ఉద్యోగం చేస్తున్న ఊరి పిల్లల సాయంతో నడపండి. రెండో ఏడాది నుంచి నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నమోదు, ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్. అందరూ ఇప్పటికీ 12ఎ (సంస్థకు పన్ను మినహాయింపు), 80జి (దాతకు పన్ను మినహాయింపు) అనే పిలుస్తారు కానీ 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1, అందులో సెక్షన్ల నెంబర్లు వేరు. పాత ఫారాలు దింపుకోకుండా చార్టర్డ్ అకౌంటెంట్‌తోనే చేయించండి. కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక పనులకు కంపెనీలు పెట్టే) నిధులకు మూడేళ్ల పని చూపించాలి.

విదేశీ డబ్బు దగ్గర చాలామంది తెలియక ఇరుక్కుంటారు. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేకుండా విదేశీ మూలం నుంచి ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. అమెరికాలో ఉన్న మన ఊరి అబ్బాయి ఇంకా భారత పాస్‌పోర్టుతో ఉంటే అతను తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం వచ్చిందంటే, తెలుగు మాట్లాడినా, ప్రతి సంక్రాంతికీ ఊరికొచ్చినా, అది విదేశీ విరాళమే. కాబట్టి పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగడానికి మొహమాటపడకండి. ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతికి సంస్థకు కనీసం మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో 15 లక్షల రూపాయల ఖర్చు చూపాలి. చిన్న సంస్థ దాని కోసం ఖర్చును లాగి పెంచుకోవడం పొరపాటు.

11. ఏటా తప్పనివి

- ఏప్రిల్: క్యాష్ బుక్ ముగింపు, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసుకోవడం, ఓచర్లకు నెంబర్లు
- మే 31 లోపు: 80జి ఉంటే దాతల వివరాల స్టేట్‌మెంట్. 2,000 రూపాయలు మించిన నగదు విరాళానికి దాతకు పన్ను మినహాయింపు రాదని ముందే చెప్పండి.
- ఆడిట్, ఆ తర్వాత రిటర్ను
- సర్వసభ్య సమావేశం: లెక్కలు, కొత్త కార్యవర్గం. అయిన 15 రోజుల్లో కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కు. ఎక్కువ సొసైటీలు మరిచిపోయేది ఇదే. నాలుగేళ్ల తర్వాత రెండు వర్గాలు విడిపోయినప్పుడు, బ్యాంకు "రిజిస్ట్రార్ దగ్గర ఎవరి పేర్లున్నాయి" అని అడిగినప్పుడు గుర్తొస్తుంది.
- దసరా తర్వాత: ఇంటింటి జాబితా మళ్లీ. కొత్త కోడళ్లు, పుట్టిన పిల్లలు, పోయినవాళ్లు, తిరిగిరానివాళ్లు. నోట్‌బుక్ నిండితే పాతదాన్ని పారేయకండి. కుడి పేజీలో ఇంకా తేలని అర్జీలను కొత్త పుస్తకం మొదటి పేజీలోకి తేదీలతో ఎక్కించాకే దాన్ని బీరువాలో పెట్టండి.